ఆరు తలలు, ఒకే సబ్బు: చేత్తో చేసిన షాంపూ బార్ వాడినవాళ్ళు ఇక్కడ రాయండి

నురగలమ్మ (నిజాంపేట, హైదరాబాద్)
అందరికీ నమస్తే. షాంపూ సబ్బు నిజంగా పనిచేస్తుందా లేక ఇన్‌స్టా గోలేనా అని పోయిన నెల ఇక్కడ పెద్ద రచ్చ అయింది కదా, అప్పుడు నేను నోరు జారి "పంపిస్తా, మీరే వాడి చెప్పండి" అనేశాను. అన్నాక తప్పుతుందా, జుట్టు వివరాల ఫారం నింపించుకుని ఆరుగురికీ పంపేశా, అందరికీ అందాయని మెసేజీలు వచ్చాయి. సియాటిల్ అమ్మాయికి మాత్రం వాళ్ళ పిన్నిగారి సూట్‌కేసులో ఆవకాయ పక్కన వెళ్ళింది, వాసన వస్తే నా పూచీ లేదు.

ఏం వేశానో దాపరికం లేదు, రాసేస్తున్నా. అరకిలో నూనెల లెక్క ఇది: కొబ్బరినూనె 200 గ్రాములు, నువ్వులనూనె 175, ఆముదం 125. కాస్టిక్ సోడా 72 గ్రాములు, నీళ్ళు 150. లెక్క ప్రకారం 76 పడుతుంది కానీ ఐదు శాతం తగ్గించి వేశా, అంటే కొంచెం నూనె సబ్బు కాకుండా మిగిలిపోవాలని. మందారం ఆకు, మెంతులు, ఉసిరి ఏవీ వెయ్యలేదు. వేస్తే ఫొటో బాగుంటుంది, అంతే, తలమీద రెండు నిమిషాలుండి కాలవలోకి పోయేదానికి అవన్నీ ఎందుకు. ఐస్‌క్రీం డబ్బాలో పోసి ముక్కలు కోసి ఆరువారాలు అటకమీద ఆరబెట్టా.

షరతులు: మూడు వారాలు ఇదే వాడాలి, మధ్యలో వేరే షాంపూ కలపొద్దు. సబ్బుని నేరుగా తలకేసి రుద్దొద్దు, ముందు చేతుల్లో నురగ చేసుకుని మాడుకి పట్టించాలి. ముఖ్యమైంది, మొహమాటానికి బాగుంది అనొద్దు. బాగోకపోతే బాగోలేదనే రాయండి, నేనేం అలగను. (అలుగుతా, కానీ మీకు తెలీదు.)

చూసిపోదాం
నాకెందుకు పంపలేదు

నురగలమ్మ
మీరు ఆ రోజు "సబ్బుతో తలంటుకోడం ఏంటి, బట్టలు ఉతుక్కున్నట్టు" అన్నారు కదండీ, గుర్తుంది నాకు

గోదారిగట్టు (రాజమండ్రి)
మొదటి ఫలితం నాదే అనుకుంటా. నా జుట్టు నడుం దాకా ఉంటుంది, ఒత్తు, సాఫు. వారానికి రెండుసార్లు తలస్నానం, ముందు రోజు రాత్రి కొబ్బరినూనె తప్పనిసరి, అది లేకపోతే మా అత్తగారు నన్ను మనిషిగా చూడరు. నిజం చెప్పాలంటే భయపడుతూ మొదలెట్టానండీ, నూనె తల కదా ఇది వదలదేమో అని. రెండుసార్లు పట్టించాల్సి వచ్చింది గానీ వదిలింది. నురగ మాత్రం అబ్బో, బకెట్టు నిండా. ఆరాక జుట్టు కొంచెం బరువుగా, పూర్వం మా అమ్మ తలంటితే ఉండేది చూడండి, అలా ఉంది. జారిపోదు, జడ బాగా నిలుస్తోంది. షాంపూతో అయితే జడ వేసిన గంటకే చివర్లు ఊడిపోయేవి. ఒకటే కంప్లైంటు, సబ్బు కరిగిపోతోంది, మూడు వారాలకి సగం అయిపోయింది. ఇంత జుట్టుకి నెలకి ఒక ముక్క కావాలి.

నురగలమ్మ
సబ్బు పెట్టెలో నీళ్ళు నిలుస్తున్నాయేమో చూడండి. అడుగున కొంచెం కొబ్బరిపీచు పరిచి దానిమీద పెట్టండి, నేను అలాగే పెడతా, గట్టిగా ఉంటుంది.

రింగులజుట్టు (కొండాపూర్)
సారీ అక్కా ముందే చెప్తున్నా ఇది తిట్టు పోస్టు. నాది రింగుల జుట్టు, భుజాల దాకా, పొడిగా ఉంటుంది ఎప్పుడూ. మొదటిసారి వాడిన రోజు నురగే రాలేదు, రుద్దుతున్నా రుద్దుతున్నా ఏదో తెల్లగా జిగటగా అంటుకుంటోంది, సరే కడిగేశా అనుకుని ఆరబెట్టుకుంటే తల మొత్తం మైనం పూసినట్టు. దువ్వెన పెడితే దువ్వెనకి బూడిదరంగు మడ్డి. రెండోసారి ఇంకా ఘోరం, రింగులన్నీ కలిసిపోయి ఒకే తాడు అయ్యాయి, చిక్కు తియ్యడానికి గంట పట్టింది, ఆఫీసులో ఒకమ్మాయి "తలకి ఏమైనా దెబ్బ తగిలిందా" అని అడిగింది. మూడోసారి వెయ్యలేదు. మూడు వారాల షరతు తప్పాను, క్షమించు. రింగుల జుట్టు వాళ్ళకి ఇది పనికిరాదు అని నా తీర్పు.

ఓరుగల్లు పోరి (హన్మకొండ)
నాది ఉల్టా ఉంది కథ. నా ఎంటికలు సన్నగ, పల్చగ, పొద్దున తలస్నానం చేస్తే సాయంత్రానికి నూనె కారుతది. ఈ సబ్బు పెట్టినంక మొదటి వారం మస్తుండె, తల తేలిక అయినట్టు, రెండొద్దులు నూనె రాలే. రెండో వారంల మా కాలనీల మోటరు కాలిపోయింది, నల్లా బంద్, ట్యాంకర్ నీళ్ళు పోయించుకున్నం, గప్పటి సంది ఎంటికలు చాపలెక్క అతుక్కపోతున్నయి. సబ్బు అదే, తల అదే. ఏం అయిందో సమజ్ గాలే. నీళ్ళ వల్లనా?

మాస్టారు
ఓరుగల్లు అమ్మాయీ, నువ్వు నీకు తెలియకుండానే మంచి ప్రయోగం చేశావమ్మా. మిగతావన్నీ అలాగే ఉంచి ఒక్కటి మాత్రం మార్చడం. నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను, ఇంత చక్కగా ఒక్కడూ చెయ్యలేదు.

సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. బోరు నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సబ్బు కనిపించగానే అవి సోడియాన్ని తోసేసి వాటి చోట్లో కూర్చుంటాయి. కాల్షియం సబ్బు నీళ్ళల్లో కరగదు. ఆ రింగుల జుట్టు అమ్మాయి దువ్వెనకి అంటుకున్న మడ్డి అదే. అది సబ్బు మిగిలిపోవడం కాదు, కడిగితే పోయేదీ కాదు, ఎందుకంటే మళ్ళీ అవే నీళ్ళతో కడుగుతున్నారు కదా. పదో తరగతిలో కఠినజలం అని చదివి మర్చిపోయినదంతా ఇప్పుడు మీ తలకెక్కింది, అక్షరాలా.

కాబట్టి రింగుల జుట్టుకి పనికిరాదు అని అప్పుడే తీర్పు చెప్పొద్దు. కొండాపూర్‌లో నీళ్ళు ఎక్కడివి వాడుతున్నావమ్మా?

రింగులజుట్టు
బోరు+ట్యాంకర్ సార్. మంజీరా నీళ్ళు తాగడానికే, అవీ రోజు మార్చి రోజు. మా బాత్రూం కుళాయిలు తెల్లగా పెచ్చులు కట్టి ఉంటాయి. ఆ నీళ్ళల్లో కందిపప్పు కూడా ఉడకదు, అమ్మ వచ్చినప్పుడల్లా అదే గొడవ.

మాస్టారు
పప్పు ఉడకని నీళ్ళల్లో సబ్బు నురగ రాదు. రెండింటికీ దోషి ఒక్కడే.

కుంకుడుభక్తుడు
ఇందుకే మన పెద్దలు కుంకుడుకాయ వాడారు. మీకు ఇవన్నీ అవసరమా. రాత్రి నానబెట్టి, పొద్దున గింజ తీసి, వేడినీళ్ళలో పిసికితే రసం. ఏ నీళ్ళయినా పనిచేస్తుంది. నేను 58 ఏళ్ళ వాణ్ణి, ఇప్పటికీ నా తల చూసి అందరూ

కుంకుడుభక్తుడు
సగంలో పోస్ట్ అయిపోయింది. అందరూ రంగు వేశారా అని అడుగుతారు.

గోదారిగట్టు
కళ్ళల్లో పడితే సంగతేంటండి బాబాయిగారూ? చిన్నప్పుడు ఆదివారం వస్తే మా వీధిలో పిల్లలందరూ ఒకేసారి ఏడ్చేవారు, ఊళ్ళో ఎవరైనా పోయారా అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు.

మాస్టారు
భక్తుడుగారు చెప్పినదాంట్లో నిజం ఉంది. కుంకుడులో, శీకాయలో ఉండేవి సాపోనిన్లు, అంటే నురగనిచ్చే మొక్కల పదార్థాలు, సబ్బు కాదు. కఠినజలంలో సబ్బులాగా విరిగి మడ్డి కట్టవు. పైగా కుంకుడు రసం కాస్త ఆమ్లగుణం, సబ్బు క్షారం. అయితే ఉద్యోగానికి ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కేవాళ్ళు రోజూ గింజలు తీస్తూ కూర్చోలేరు, అదొక్కటే ఇబ్బంది.

వానలోవంకాయ (సియాటిల్)
ఆవకాయ వాసన రాలేదు కానీ పిన్ని సూట్‌కేసులో మిగతా అన్నిటికీ సబ్బు వాసన వచ్చింది, కందిపొడి కూడా సబ్బు వాసనే, థాంక్స్.

ఇప్పుడు అసలు విషయం. నా జుట్టు కూడా రింగులే, కొండాపూర్ అమ్మాయి కంటే కొంచెం వదులు రింగులు. నాకు అద్భుతంగా ఉంది!! అస్సలు మడ్డి లేదు, నురగ క్రీములా వస్తోంది. మొదటి రెండు సార్లు చివర్లు గరుకుగా అనిపించాయి, తర్వాత ఒక మగ్గు నీళ్ళల్లో ఒక టేబుల్ స్పూన్ యాపిల్ సైడర్ వెనిగర్ కలిపి ఆఖర్న పోసుకున్నా, అంతే, జారిపోతోంది దువ్వెన. ఇక్కడి నీళ్ళు సీడర్, టోల్ట్ నదుల నించి వస్తాయి, కొండల మీద వాన, మంచు కరిగిన నీళ్ళు, చాలా మెత్తన. ఆరేళ్ళ నించి ఉంటున్నా, కెటిల్‌లో ఒక్క తెల్ల మచ్చ లేదు. హైదరాబాద్‌లో మా ఇంట్లో అయితే గీజర్ రాడ్ ఏడాదికోసారి మార్చాల్సిందే.

రింగులజుట్టు
అంటే సబ్బు వాడాలంటే వీసా కావాలన్నమాట

వానలోవంకాయ
హహహ. లేకపోతే రాజమండ్రి సంబంధం చూసుకో.

సీమచిన్నోడు (అనంతపురం)
అక్కా నాది ఇంకా చెప్పలేదు. మగోళ్ళకి జుట్టు తక్కువ కదా అందుకని లేటు :) నాది ముందర పల్చబడి ఉండాది, సుండు కూడా ఉండాది. సుండు తగ్గుతాదేమో అని ఆశపడినా. మావి బోరు నీళ్ళు, 700 అడుగులు. మొదటి రోజే మైనం. మా యమ్మ చూసి "ఏందిరా నెత్తిన జిగురు" అనింది. ఆమె అదే సబ్బు తీసుకుపోయి చొక్కా కాలరు రుద్దింది, కాలరు బాగా తెల్లగయింది. ఇంగ నాకు తిరిగివ్వలేదు. సుండు తగ్గకపోగా దురద ఎక్కువయింది అక్కా, అబద్ధం చెప్పను.

నురగలమ్మ
తమ్ముడూ సుండుకి ఇది మందు కాదు, వాడటం ఆపెయ్. నీ ఫారంలో సుండు ఉందని రాసి ఉంటే అసలు పంపేదాన్నే కాదు. సుండు తెచ్చే ఫంగస్‌కి మాడు మీది నూనే తిండి, నా సబ్బులో ఐదు శాతం నూనె కావాలనే మిగిల్చా, పైగా మడ్డి. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు, కీటోకొనజోల్ ఉన్న షాంపూ రాస్తారు మామూలుగా. ఇంటి చిట్కాలతో ఏళ్ళు లాగొద్దు. అమ్మగారి కాలర్ రివ్యూ మాత్రం ఫ్రేమ్ కట్టించుకుంటా.

రంగేసినతల (విశాఖపట్నం)
నేనొక్కదాన్నే మిగిలాను. తెల్లవెంట్రుకలకి నెలకోసారి డబ్బా రంగు వేస్తాను, బ్రౌన్. ఈ సబ్బుతో రెండో తలస్నానానికే నీళ్ళు టీ రంగులో పోయాయి. మూడు వారాలకి చెవుల దగ్గర తెల్లగా తేలిపోయింది. మడ్డి మాత్రం రాలేదు, మాది మునిసిపల్ నీళ్ళే. మా చెల్లెలు గోరింటాకు పెట్టుకుంటుంది, అదే సబ్బు ఇచ్చాను, దానికేం పోలేదు.

మాస్టారు
క్షారానికి వెంట్రుక ఉబ్బుతుంది, పైన పెంకుల్లా ఉండే పొర తెరుచుకుంటుంది. లోపల పెట్టిన రంగు జారిపోతుంది. గోరింటాకు రంగు వెంట్రుక ప్రొటీన్‌కి గట్టిగా పట్టుకునే రకం, అంత తొందరగా వదలదు. సియాటిల్ అమ్మాయికి వెనిగర్ తర్వాత దువ్వెన జారిందంటే అదీ ఇందుకే, ఆమ్లం తగలగానే ఆ పెంకులు మూసుకున్నాయి.

చూసిపోదాం
నేను ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నా, కోల్డ్ ప్రాసెస్ హ్యాండ్‌మేడ్, పీహెచ్ 5.5 అని రాసుంది, 350 రూపాయలు. అది వాడితే రంగు పోదంటారా?

మాస్టారు
పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కంటే పైన క్షారం, కింద ఆమ్లం. కోల్డ్ ప్రాసెస్ అంటే మంట పెట్టకుండా కాస్టిక్ సోడాతో సబ్బు చెయ్యడం. అలా కాస్టిక్ సోడాతో చేసిన సబ్బు ఏదైనా 9 నుంచి 10 మధ్యలోనే ఉంటుంది. ఆమ్లం పోసి 5.5కి లాగితే సబ్బు సబ్బుగా ఉండదు, విరిగి మళ్ళీ కొవ్వు ఆమ్లం అయిపోతుంది. కాబట్టి ఆ అట్టమీద రెండు మాటల్లో ఒకటి అబద్ధం. కోల్డ్ ప్రాసెస్ అన్నా కాదు, 5.5 అన్నా కాదు.

చూసిపోదాం
పీహెచ్ స్ట్రిప్ తెచ్చి చూశా. నీలం, అంటే క్షారమే. డబ్బులు పోయినట్టే.

నురగలమ్మ
ఇప్పుడు అందరిదీ ఒకచోట పెట్టుకుని చూస్తే నాకే సిగ్గేస్తోంది. నేను ఫారంలో జుట్టు రకం అడిగా, పొడుగు అడిగా, నూనె రాస్తారా అని అడిగా, పెళ్ళయిందా అన్నది తప్ప అన్నీ అడిగా, నీళ్ళు ఎక్కడివి అని ఒక్కసారీ అడగలేదు. రెండు రింగుల జుట్లు, రెండు వేరే ఫలితాలు. నా సొంత తలకి ఎందుకు బాగుందో కూడా ఇప్పుడే అర్థమైంది, మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ కఠినత తీసే సాఫ్ట్‌నర్ పెట్టారు రెండేళ్ళ కింద, వాచ్‌మన్ నెలకి రెండు మూటలు ఉప్పు పోస్తుంటాడు అందులో, ఎందుకు అని ఎప్పుడూ ఆలోచించలేదు.

అందుకని అందరికీ హోంవర్క్. రెండు ఖాళీ వాటర్ బాటిళ్ళు తీసుకోండి. ఒకదాంట్లో బాత్రూం నీళ్ళు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్ళు, సగం సగం. రెండింట్లో నా సబ్బు చిన్న తురుము, మినపగింజంత చాలు, వేసి మూత పెట్టి పదిసార్లు ఊపండి. ఏమైందో రాయండి.

రింగులజుట్టు
ఆర్‌ఓ బాటిల్లో సగం బాటిల్ నురగ. బోరు బాటిల్లో విరిగిపోయిన పాలు. పైన తెట్టె కట్టింది. చూస్తే కడుపులో తిప్పింది, ఇదా నేను తలకి పెట్టుకుంది

సీమచిన్నోడు
నాది విరిగిన పాలు కాదు, పెరుగు.

ఓరుగల్లు పోరి
నల్లా నీళ్ళు మంచిగ నురగ. ట్యాంకర్ నీళ్ళు ఇంకొంచెం ఉండె డ్రమ్ముల, అండ్ల చేసిన, విరిగిపోయింది. మా తమ్ముడు టీడీఎస్ మీటర్ పెట్టి చూసిండు, నల్లా 210, ట్యాంకర్ 890.

నురగలమ్మ
నేనూ మా మీటర్‌తో చూశా, 740 చూపిస్తోంది! కానీ నురగ బ్రహ్మాండంగా వస్తోంది. ఇదేంటి మాస్టారూ, నాది కూడా విరగాలి కదా

మాస్టారు
మంచి ప్రశ్న. టీడీఎస్ అంటే నీళ్ళల్లో కరిగిన మొత్తం లవణాలు. కఠినత అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్నది. సాఫ్ట్‌నర్ వాటిని పట్టేసుకుని బదులు సోడియం వదులుతుంది, ఉప్పు మూటలు అందుకే. లవణం పోలేదు, మనిషి మారాడంతే. అందుకే మీటర్ చూసి మోసపోవద్దు, కావాలంటే చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టే కఠినత టెస్ట్ కిట్లు దొరుకుతాయి, అక్వేరియం సామాన్ల షాపుల్లో కూడా. తాగేనీటి ప్రమాణం ఐఎస్ 10500లో కఠినత లీటరుకి 200 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే దారి లేకపోతే 600 దాకా సరే అంటారు. అది తాగడానికి. సబ్బుకి 200 కూడా ఎక్కువే.

రింగులజుట్టు
షవర్‌కి బిగించే ఫిల్టర్ కొన్నా పోయినేడు 2 వేలు పెట్టి. అదేం చెయ్యదా?

మాస్టారు
చాలావరకు క్లోరిన్, మట్టి ఆపుతాయి. గుప్పెడంత డబ్బా, రోజూ బకెట్లకి బకెట్లు, అందులో కాల్షియం పట్టే శక్తి ఎన్నాళ్ళుంటుంది చెప్పు. సాఫ్ట్‌నర్‌కి అంత పెద్ద ట్యాంకు, ఉప్పు మూటలు ఎందుకో ఆలోచించు.

వానలోవంకాయ
మరి బోరు నీళ్ళవాళ్ళు వెనిగర్ పోసుకుంటే పోతుందా మడ్డి?

నురగలమ్మ
కొంత పోతుంది. నేను నిన్న రింగులజుట్టు వాళ్ళింటికి వెళ్ళా, పన్నెండు కిలోమీటర్లు, సబ్బు బాకీ తీర్చుకోడానికి. ఆ పిల్ల తల నేనే కడిగా. నా సబ్బే, కానీ తలతడపడం దగ్గర్నించి ఆఖరి మగ్గు దాకా ఆర్‌ఓ నీళ్ళే, ఆరు లీటర్లు పట్టింది, గోరువెచ్చగా చేసుకుని. మడ్డి లేదు. రింగులు వచ్చాయి. వాళ్ళమ్మగారు వంటింట్లోంచి "ఆర్‌ఓ నీళ్ళు తలకి పోస్తార్రా ఎవరైనా" అని అరుస్తూనే ఉన్నారు, నిజమే కదా, ఆరు లీటర్ల ఆర్‌ఓ కావాలంటే అంతకు రెట్టింపు పైనే నీళ్ళు వృథా పోతాయి అటు పైపులోంచి. రోజూ చేసే పని కాదు.

రింగులజుట్టు
కన్ఫర్మ్. నా తీర్పు వెనక్కి తీసుకుంటున్నా. కానీ చివర్లు ఇంకా పొడిగానే ఉన్నాయి అక్కా, అది నీళ్ళ తప్పు కాదు, సబ్బుదే. కొబ్బరినూనె సబ్బు నా జుట్టుకి మరీ కరుకు. కండిషనర్ పెట్టాల్సే వచ్చింది.

నురగలమ్మ
ఒప్పుకుంటా. 40 శాతం కొబ్బరి ఎక్కువే పొడి జుట్టుకి. నురగ కోసం పెట్టా. గోదారిగట్టుగారి నూనె తలకి, ఓరుగల్లు పిల్ల జిడ్డు తలకి అది సరిపోయింది, నీకు కాదు.

సరే అందుకే బోరు నీళ్ళవాళ్ళ కోసం రెండో నంబరు సబ్బు చేశా. ఇది నిజానికి సబ్బు కాదు. ఎస్‌సీఐ అని, కొబ్బరి కొవ్వుల నించే చేసే, నురగ వచ్చి మురికి వదిలించే పొడి, సోడియం కోకోయిల్ ఐసెథయొనేట్, నోరు తిరగాలంటే మూడుసార్లు అనండి. దాన్ని డబుల్ బాయిలర్ మీద కొంచెం బీటైన్ (ఇదీ నురగ కోసమే), కోకో బటర్, సిటైల్ ఆల్కహాల్ (పేరే అలా, మైనంలాంటిది)తో ముద్దలా చేసి, చపాతీ పిండిలా పిసికి, మౌల్డ్‌లో నొక్కడమే. కఠినజలంలో విరగదు. నిమ్మఉప్పు నీళ్ళు చుక్కలు వేసి పీహెచ్ 5.5 దగ్గరికి తెచ్చా, స్ట్రిప్‌తో చూసి మరీ. ఆరువారాలు ఆగక్కర్లేదు, రెండ్రోజులకి గట్టిపడుతుంది. ఎవరైనా చేస్తే మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి గాల్లోకి లేస్తే దగ్గు ఆగదు, నేను అరగంట తుమ్మాను.

చూసిపోదాం
అంటే కెమికలే కదా ఆఖరికి. న్యాచురల్ అని మొదలుపెట్టి

నురగలమ్మ
నేను న్యాచురల్ అని ఎక్కడా రాయలేదు సార్, పైకి వెళ్ళి చూస్కోండి. చేత్తో చేసింది అన్నా. మొదటిదాంట్లో కాస్టిక్ సోడా వెయ్యలేదా మరి? చెయ్యి మీద చుక్క పడితే కాలిపోతుంది అది. సబ్బు అయిపోయాక మిగలదు కాబట్టి సరిపోయింది.

అన్నట్టు ఇది చదివి ఎవరైనా ఇంట్లో మొదలుపెట్టేట్టయితే: సోడాని నీళ్ళల్లో వెయ్యాలి, సోడామీద నీళ్ళు పొయ్యకూడదు, ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడొద్దు, దాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. స్టీలు, లేదా గట్టి ప్లాస్టిక్. కళ్ళద్దాలు, గ్లవ్స్. పడితే వెనిగర్ కోసం పరిగెత్తొద్దు, కుళాయి కింద పెట్టి చాలాసేపు కడగాలి. గ్రాముల తూకం ఉండాల్సిందే, గ్లాసులు చెంచాల కొలతలు పనికిరావు, ఆముదానికి ఒక లెక్క కొబ్బరికి ఒక లెక్క. పిల్లలున్న ఇంట్లో వాళ్ళు స్కూలుకి వెళ్ళాక చెయ్యండి.

గోదారిగట్టు
మీరు అమ్మరా? నాకు నెలకి ఒకటి కావాలి మొదటి నంబరుది.

నురగలమ్మ
అమ్మనండీ. అమ్మకానికి చెయ్యాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్స్ ఉండాలి, వంటింట్లో పప్పు పక్కన చేసేదానికి ఎవరిస్తారు. ఇన్‌స్టాలో అమ్మేవాళ్ళల్లో ఎంతమందికి ఉందో అడిగి చూడండి, సరదాగా. మీకు మాత్రం పండక్కి పంపిస్తా, బదులుగా పూతరేకులు.

గోదారిగట్టు
ఖాయం. ఆత్రేయపురం నించే తెప్పిస్తా.

రింగులజుట్టు
రెండో నంబరు రిపోర్ట్, మూడు తలస్నానాలు, బోరు నీళ్ళే. మడ్డి లేదు. చిక్కు తక్కువ. రింగులు పర్లేదు, వర్షం రోజుల్లో ఉన్నంత బాగా కాదు కానీ పర్లేదు. పైన కండిషనర్ ఇప్పటికీ కావాలి. పదికి ఏడు.

రంగేసినతల
నాకు కూడా రెండోది పంపినందుకు థాంక్సండీ. రంగు నీళ్ళల్లో పోవడం బాగా తగ్గింది. మొదటిది చెల్లెలు లాగేసుకుంది.

ఓరుగల్లు పోరి
నాకు రెండోది నచ్చలే. ఎంటికలు మరీ మెత్తగ అయి నెత్తికి అతుక్కుంటున్నయి, ఉన్నయే నాలుగు. అండ్ల బటర్ ఎక్కువైనట్టుంది నాకు. నల్లా మళ్ళ మంచిగైంది, మొదటిదే పెట్టుకుంటున్న. ట్యాంకర్ వస్తే బంద్ పెడత, సచ్చినట్టు కుంకుడుకాయలే.

కుంకుడుభక్తుడు
ఆఖరికి దారికొచ్చారు.

ఓరుగల్లు పోరి
ట్యాంకర్ ఒచ్చినప్పుడే తాతా. ట్యాంకర్ ఒచ్చినప్పుడే.

కుంకుడుభక్తుడు
తాత కాదు. 58.

నురగలమ్మ
మొదటి నంబరుని బోరు నీళ్ళకి ఇంకొంచెం ఓర్చుకునేలా చెయ్యొచ్చా అని చూస్తున్నా. సబ్బులోనే నిమ్మఉప్పు వేస్తే అది సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది, కాల్షియాన్ని కాస్త పట్టుకుని ఆపుతుందట. నిన్న ఒక బ్యాచ్ వేశా, అరకిలో నూనెలకి 10 గ్రాములు. ఆ నిమ్మఉప్పు తినేసే సోడా వేరే వెయ్యాలి కదా, ఇంకో 6.2 గ్రాములు కలిపా. కొబ్బరి కూడా 150కి తగ్గించి నువ్వులనూనె పెంచా, సోడా లెక్క మళ్ళీ మొదట్నించి వేసుకున్నా.

మాస్టారు
నిమ్మఉప్పు ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ అని ఉందా, అన్‌హైడ్రస్ అని ఉందా? 6.2 లెక్క అన్‌హైడ్రస్‌కి. మోనోహైడ్రేట్ అయితే అందులో నీళ్ళ బరువు కూడా ఉంటుంది, 5.7 చాలు.

నురగలమ్మ
మోనోహైడ్రేట్ మాస్టారూ. చచ్చాను. అరగ్రాము ఎక్కువ పడిందా?

మాస్టారు
నువ్వు ఐదు శాతం నూనె వదిలావు కదా, దాంట్లో కలిసిపోతుంది, కంగారు పడకు. మార్కులు మాత్రం అర కోశాను.

రింగులజుట్టు
ఆరువారాలయ్యాక ముందు బాటిల్ టెస్ట్, తర్వాతే నా తల. ఈసారి వరస అది.

సీమచిన్నోడు
అక్కా డాక్టరు దగ్గరికి పోయినా, వారానికి రెండుసార్లు షాంపూ రాసిచ్చినాడు, దురద తగ్గింది. మా యమ్మ అడగమంటాంది, ఆ కాలర్ సబ్బు ఇంకో రెండు పంపుతావా అని. తలకి కాదంట.